అత్తయ్యా నేనూ చిలక దాటిన రోజు

మా అత్తయ్యకి గడియారం చూడడం రాదు. ఇచ్ఛాపురంలో మా ఇంటి పెరట్లో నిలబడితే రైలు కట్ట కనిపించేది. పొద్దుటి పాసింజరు కూస్తే పొయ్యి వెలిగించేది. మధ్యాహ్నం గూడ్సు వెళ్తే మావయ్యకి అన్నం వడ్డించేది. సాయంత్రం బండి వస్తే దీపాలు తుడిచేది. అంతగా రైలుని నమ్ముకుని బతికిన మనిషి నలభై ఏళ్లు దాటేదాకా ఒక్కసారి కూడా రైలెక్కలేదంటే ఎవరూ నమ్మరు. పుట్టింటి నుంచి అత్తారింటికి ఎడ్లబండి మీద వచ్చింది. మళ్లీ పుట్టింటికి ఎప్పుడు వెళ్లినా ఆ బండే.

నేను విజయనగరం పిల్లని. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాను. యుద్ధం ఆగిన మరుసటి ఏడు, పదిహేడేళ్ల వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మావయ్యది బజారులో తాళ్లు, గోనెలు, కొబ్బరిపీచు అమ్మే కొట్టు, ఇల్లు దాని వెనకే. మా ఆయన కలకత్తాలో గోనెల వ్యాపారి దగ్గర పని నేర్చుకుంటూ ఉండేవాడు. అంచేత ఇంట్లో నాకు తోడు అత్తయ్యే. తోడు అన్నానుగాని, నిజం చెప్పాలంటే భయం. ఆవిడ గొంతు బజారు చివరి కొట్టుకి వినపడేది. ప్రేమగా పిలిచినా తిట్టినట్టే ఉండేది. "ఒసే గుంటా! ఇలగ రా! కూకో! తిను!" అంటే, ఏం తప్పు చేశానో అనుకుంటూ తినేదాన్ని.

మూడు నెలలకోసారి రంభ నుంచి ఒక పడవవాడు తాళ్లు కొనడానికి మా కొట్టుకి వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. చిలకా సరస్సు మీద పడవ నడుపుతూ ఒరియావాళ్ల మధ్య ఉంటున్నా తెలుగువాడే. ఆ మాఘమాసంలో వచ్చినప్పుడు తాళ్లు కట్ట కట్టించుకుని, వెళ్లకుండా కొట్టు గుమ్మం దగ్గర తచ్చాడాడు. లోపల్నించి అత్తయ్య తొంగి చూసింది.

"ఏటి నాయినా, ఇంకా ఏటన్నా కావాలా?"

"కావాలని కాదమ్మా. చిలకకి అవతల, కొండ కింద మా పడవ ఆగే ఊరొకటున్నాది. నాను ఇచ్ఛాపురం ఎల్తన్నానని తెలిసి అక్కడొకమ్మ ఓ మాటడగమన్నాది. తన సిన్నప్పుడు సోంపేట దగ్గర వాళ్లూళ్లో ఒక సావుకారి పిల్ల ఉండీదట. ఎడం కనుబొమ్మ మీద కాలిన మచ్చుంటాదట. ఇచ్ఛాపురంలో తాళ్ల కొట్టోరికి ఇచ్చినారని విన్నాదట. ఆ పిల్ల బతికున్నాదా అని..."

వాడు మాట మధ్యలో ఆపేశాడు. అత్తయ్య చెయ్యి తిన్నగా తన కనుబొమ్మ మీదికి వెళ్లింది. అక్కడ గోరంత మచ్చ ఉంది. చిన్నప్పుడు దీపావళి మతాబా కాల్చిన మచ్చ అని మాత్రమే నాకు తెలుసు. ఆవిడ ఏమీ అనకుండా ఉండడం నేను చూడ్డం అదే మొదలు.

"బతికున్నాదో లేదో నానే ఎల్లి సెప్తాను," అంది చివరికి.

ఆ మాట విని మావయ్య ఎగతాళిగా నవ్వాడు. "నువ్వా? రైలెక్కుతావా?"

"ఎక్కనేటి? అదేటి, ఏనుగా?"

ఉద్దానం కొబ్బరితోటల నుంచి పీచు బళ్లు వచ్చే రోజులు, ఆయన కొట్టు వదలడానికి లేదు. రెండు రోజులు వద్దన్నాడు. ఆ రెండు రోజులూ ఇంట్లో కూరల్లో కారం పెరిగింది. మూడో రోజు ఆయనే దారికొచ్చి, "కోడల్ని తోడు తీసుకెళ్లు. దానికి అచ్చరాలొచ్చు. పొద్దున్న ఎల్లి సాయంత్రం బండికి వచ్చీయాల. ఆడవోళ్ల పెట్టె తప్ప ఇంకోటెక్కకూడదు," అన్నాడు. పడవవాడికి కబురు పంపి, రంభ స్టేషన్లో ఎదురుచూసేట్టు ఏర్పాటు చేశాడు.

బయలుదేరే ముందు అత్తయ్య గోనెసంచిలో పన్నెండు కొబ్బరికాయలు వేసింది. పైన ఒక మూటలో బెల్లం గవ్వలు. సంచి ఒక కొస ఆవిడ, ఒక కొస నేను పట్టుకుని, తెల్లవారుతూ ఉండగా స్టేషన్‌కి నడిచాం. మావయ్య రానూపోనూ టిక్కెట్లు కొని నా చేతిలో పెట్టాడు, ఆవిడ చేతిలో పెట్టలేదు. ఆవిడ అది గమనించింది గాని అప్పటికి ఊరుకుంది.

బండి వచ్చి ఆగాక అత్తయ్య దాని మెట్టుకి చెయ్యి తాకించి కళ్లకద్దుకుంది. ఎక్కి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "పైన బల్ల ఉంది అత్తయ్యా" అంటే, "నేలుండగా బల్లెందుకే, పడితే?" అంది. బండి కదిలేసరికి రెండు చేతులతో నా కాలు పట్టుకుంది. పావుగంట గడిచాక కాలు వదిలింది. అరగంట గడిచాక బల్ల మీదికి వచ్చింది. ఆ తర్వాత కిటికీ పక్క చోటు కూడా ఆవిడదే అయింది.

"ఇదేటూరు? సదువు."

ప్రతి స్టేషన్లోనూ బోర్డు చదివి చెప్పాను. ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద తెలుగు పక్కన ఒరియా రాతలు కూడా కనపడ్డాయి.

"అదేటే, అచ్చరాలు జిలేబీల్లాగున్నాయి?"

"మనవీ అలాగే ఉంటాయి అత్తయ్యా."

"నాకేటి తెలుస్తాది? నాకు రెండూ రావు," అంది, అదేదో తన గొప్పయినట్టు.

బరంపురంలో బుట్టలతో ఆడవాళ్లు గుంపుగా ఎక్కారు. ఒకావిడ తన వంకాయల బుట్ట తెచ్చి మా కొబ్బరికాయల మీద పెట్టింది. అత్తయ్య తెలుగులో, ఆవిడ ఒరియాలో, ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే రెండు స్టేషన్ల దూరం పోట్లాడుకున్నారు. మూడో స్టేషన్‌కి ఆవిడ తమలపాకుల పొట్లం విప్పింది, అత్తయ్య సున్నం కాయ తీసింది. దిగేటప్పుడు ఆవిడ మాకు నాలుగు వంకాయలు ఇచ్చి వెళ్లింది.

గంజాం దాటాక అత్తయ్య మాటిమాటికీ కళ్లు తుడుచుకుంది. కళ్లలో బొగ్గు నలుసు పడిందేమో అనుకుని చేతిగుడ్డ తడిపి ఇచ్చాను. అది పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

తన ఇంటికీ, కబురంపిన ఆ చిన్ననాటి స్నేహితురాలి ఇంటికీ మధ్య ఒక్క గోడేనట. ఈవిడది కొట్టున్న ఇల్లు, ఆవిడది రైతుల ఇల్లు. రైతులింట్లో తినకూడదని ఈవిడకి ఇంట్లో కట్టడి. అయినా రోజూ దొంగచాటుగా వాళ్లింటి చద్దన్నం తినేదట. స్నేహితురాలికి తొమ్మిదో ఏట పెళ్లి చేశారు. పదమూడో ఏట చిలక అవతలికి కాపురానికి పంపారు.

"బండి కట్టినారు. అందరూ ఈదిలోకి వచ్చినారు. అది నా కోసం సూసింది. నాను అటకెక్కి కూకున్నాను. పిలిసినారు, దిగనేదు. అది మా ఇంట్లోకొచ్చి అటక కింద నిలబడి పిలిసింది. అయినా దిగనేదు. నన్నొదిలేసి ఎల్లిపోతన్నాదని కోపం నాకు. బండెల్లిపోయింది. అంతే మరి. ముప్పై ఏళ్లు."

నేనూ ఏడాది క్రితమే విజయనగరం స్టేషన్లో అందరినీ వదిలి బండెక్కినదాన్ని. ఆవిడ చేతి మీద చెయ్యి వేశాను. ఆవిడ తీసెయ్యలేదు.

రంభలో పడవవాడు సంచి నెత్తికెత్తుకుంటూ, "సావుకారమ్మా, మా దగ్గర కొబ్బరికాయలు దొరకవనుకున్నావేటి?" అన్నాడు.

"ఇవి ఉద్దానం కాయలు. మీ కాయల్లాంటివి కావు. నోరు మూసుకుని మొయ్యి."

రేవు దగ్గరికి రాగానే ఆవిడ ధైర్యం జారిపోయింది. అంత నీరు నేనూ ఎప్పుడూ చూడలేదు. విజయనగరంలో పెద్దచెరువే మాకు సముద్రం. ఇక్కడ అవతలి ఒడ్డు పొగమంచులో లీలగా నీలం గీతలా ఉంది. నీళ్ల మధ్యలో చిన్న చిన్న కొండలు. అత్తయ్య పడవలో నడుమన కూర్చుని, కళ్లు మూసుకుని నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ వేళ్ల గుర్తులు రాత్రి దాకా పోలేదు.

తెరచాప ఎత్తాడు. గాలి చిన్నగా ఉంది. కొంతదూరం వెళ్లాక నీళ్ల మీద నల్లటి మచ్చ ఒకటి కనిపించింది. దగ్గరికి వెళ్లేసరికి ఆ మచ్చంతా ఒక్కసారిగా పైకి లేచింది. బాతులు, వేల బాతులు. రెక్కల చప్పుడు మా ఊరి సంతలో జనం గోలలా ఉంది. అత్తయ్య కళ్లు తెరిచింది. ఆ తర్వాత మళ్లీ మూయలేదు. యుద్ధం రోజుల్లో ఈ నీళ్ల మీద విమానాలు కూడా వాలేవని పడవవాడు చెప్పాడు.

"ఇమానం నీళ్ల మీద వాలతాదా? నాను సదువుకోనేదని సెప్తన్నావా?"

"నా కళ్లతో సూసినానమ్మా."

"నీ కళ్లలో కల్లున్నాది," అంటూ ఆవిడ వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది. "ఉప్పు! ఇంత నీళ్లుండీ గుక్కెడు తాగడానికి పనికిరావా? మరెందుకివి?"

"సేపలకి," అన్నాడు పడవవాడు.

ఊరి ఒడ్డు కనిపిస్తూ ఉండగా పడవ నాచులో ఇరుక్కుంది. వాడు గెడ వేసి నెట్టాడు, దిగి నెట్టాడు. పడవ కదల్లేదు. "మోకాటి లోతే. దిగి నడవాలి," అన్నాడు. అత్తయ్య చీర కుచ్చిళ్లు ఎగదోపి, నీళ్లని నాలుగు తిట్లు తిట్టి దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో నాచు మీద కాలు జారి, నీళ్లలో చక్కగా పీట మీద కూర్చున్నట్టు కూర్చుండిపోయింది. నడుము దాకా నీళ్లు. నాకు నవ్వాగలేదు. పొరపాటైపోయిందని నోరు మూసుకున్నాను. ఆవిడ నన్ను చూసి, "నవ్వుతన్నావా?" అని నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నేనూ పక్కన కూలబడ్డాను. ఇద్దరం అలా నీళ్లలో కూర్చుని పగలబడి నవ్వుకున్నాం. ఆవిడ నవ్వినప్పుడు బుగ్గ మీద సొట్ట పడుతుందని ఆ రోజే తెలిసింది నాకు.

ఒడ్డున ఒక మనిషి నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, ముక్కుకి పెద్ద నత్తు, చేతుల నిండా పచ్చబొట్లు. మమ్మల్నే చూస్తోంది. అత్తయ్య లేచి నిలబడింది. కారుతున్న బట్టలతో గబగబా నడిచింది. మేము ఇరవై గజాల దూరంలోకి రాగానే ఆ మనిషి గిరుక్కున తిరిగి, ఊళ్లోకి పరిగెత్తి, ఒక పెంకుటింట్లో దూరి తలుపు గడియ పెట్టుకుంది.

ఆ ఇంటి అరుగు మీద ఆవిడ భర్త కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి నవ్వుతూ లేచాడు. వచ్చీ రాని తెలుగులో, "మూడు దినాల నుంచి ఇదే మాట. అది వస్తే తలుపు తీయను అని," అన్నాడు.

అత్తయ్య తలుపు మీద దబదబా బాదింది. "ఒసే! నాను బతికే ఉన్నానే! తియ్యి!"

లోపల్నించి గొంతు వచ్చింది. తెలుగే, కానీ ఒరియా యాసలో సాగుతోంది. "ఆ దినం నువ్వు అటక దిగినావా? నాను తియ్యను."

"ముప్పై ఏళ్ల నాటి మాటే అది!"

"కొణొ?"

"కొనేదేటే, మా కొట్టుకొచ్చావేటి కొనడానికి?"

'కొణొ' అంటే ఒరియాలో 'ఏమిటి' అని పడవవాడు నాకు మెల్లగా చెప్పాడు. ఈలోగా ఊళ్లో సగంమంది ఆడవాళ్లు మా చుట్టూ చేరారు. వాళ్లకి మంచి వినోదంగా ఉంది. నేను మాత్రం ఎండ ఎంత ఎక్కిందో చూస్తున్నాను. మధ్యాహ్నం దాటితే గాలి పెరుగుతుందని పడవవాడు ముందే చెప్పాడు. సాయంత్రం బండి తప్పితే మావయ్యకి ఏం చెప్పాలి?

"ఎల్లిపోతాను మరి. కాయలిక్కడెట్టి ఎల్లిపోతాను," అంది అత్తయ్య.

గడియ కదల్లేదు.

అప్పుడు అత్తయ్య నుదురు తలుపుకి ఆనించింది. ఆ గొంతు అంత మెత్తగా కూడా పలకగలదని నేను అనుకోలేదు. "అటక మీద నాను ఏడుస్తన్నానే. దిగితే నిన్ను పట్టుకుని ఇంక వదలనని దిగనేదు. నువ్వు కిందుండి పిలుస్తా ఉంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను."

గడియ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. స్నేహితురాలు అప్పటికే ఏడుస్తోంది. నవ్వుతోంది కూడా. ఇద్దరూ పట్టుకుని ఊగిపోయారు. అత్తయ్య బట్టల తడంతా ఆవిడకి అంటుకుంది. మొదటి మాట ఆవిడే అంది, అత్తయ్య కనుబొమ్మ తడుముతూ: "మచ్చ సిన్నదైపోయింది."

"మచ్చ అంతే ఉన్నాది. మొకం పెరిగింది," అంది అత్తయ్య.

మాకు పొడి చీరలు ఇచ్చారు. "బొసొ, బొసొ" అంటూ చాప వేసింది ఆవిడ. తెలుగు మాటలు ఆవిడకి వెతుక్కుంటే గాని దొరకడం లేదు. దొరికినప్పుడల్లా పోయిన నగ దొరికినట్టు సంబరపడేది. "గరిటె!" అని అరిచింది ఒకసారి, చేతిలో ఉన్న గరిటెని చూసుకుని. తెలుగులో కూర్చుని కబుర్లు చెప్పుకుని పదిహేనేళ్లయిందట. అత్త పోయాక ఆ ఇంట్లో తెలుగు బాగా వచ్చినవాళ్లు లేరట. చుక్కాని కర్రకీ, చేపకీ, నీళ్లకీ ఆవిడకి ఇప్పుడు ఒరియా మాటలే వస్తాయిగాని, కోపం వస్తే మాత్రం తెలుగేనని ఆవిడ భర్త వేళాకోళమాడాడు.

వాళ్ల మాటలన్నీ నేను వినలేదు, వినకూడనివి కూడా ఉన్నాయి. ఆవిడకి ముగ్గురు కొడుకులున్నారు, కూతుళ్లు ఇద్దరూ పసితనంలోనే పోయారు. అత్తయ్యకి మా ఆయన ఒక్కడే, అంతకుముందు ఇద్దరు నిలవలేదు. ఆ సంగతి ఆ ఇంట్లో కోడలిగా ఏడాది ఉన్నా నాకు తెలియదు. చాప మీద కూర్చుని వేళ్లు మడుస్తూ ఒకరికొకరు చెప్పుకున్నారు. కాసేపు ఇద్దరూ గోడవైపు చూశారు. తర్వాత స్నేహితురాలు లేచి, "తింటావా?" అని అడిగింది.

నేను అత్తయ్య మొహం చూశాను. మావాళ్లు బయట ఎక్కడా మెతుకు ముట్టరు. దారికి అటుకులు కట్టుకునే వచ్చాం. ఆవిడ మట్టి కుండలోంచి నీళ్లన్నం తీసింది. నలిపిన వడియాలు, పచ్చిమిరపకాయ, రైల్లో ఇచ్చిన వంకాయలు కాల్చి చేసిన పచ్చడి. అత్తయ్య రెండుసార్లు అడిగి మరీ వేయించుకుంది. మూడోసారి అడగబోతూ నా వైపు చూసి, "మీ మావతో అన్నావంటే..." అంది.

"నేనూ తింటున్నాను కదా అత్తయ్యా."

"మరైతే నోరు మూసుకుని తిను."

బయలుదేరే వేళకి గాలి లేచింది. నాచులోంచి విడిపించిన పడవని ఒడ్డుకి దగ్గరగా తెచ్చాడు పడవవాడు. మేము ఎక్కాక, ఆ స్నేహితురాలు కూడా ఎక్కి కూర్చుంది. ఒడ్డున భర్త చేతులూపుతూ ఏదో అరిచాడు. ఈవిడ అంతకంటే గట్టిగా ఏదో అరిచింది. రంభలో వాళ్ల మరిది ఇల్లుందట, రాత్రికి అక్కడ ఉండి పొద్దున్న తిరిగి వస్తానందట. వంట ఎవరు చేస్తారని ఆయన బాధ.

వచ్చేటప్పుడు పడవ ఒక పక్కకి ఒరిగి, చుక్కలు చుక్కలుగా నీళ్లు మా మీద పడుతూ ఉంటే, ఈసారి పడవ అంచు పట్టుకుని బిగుసుకుపోయింది నేను. అత్తయ్యకి భయపడే తీరిక లేదు. ఊళ్లో ఎవరెవరు పోయారు, ఎవరెవరు ఉన్నారు, ఎవరి గోడ పడిపోయింది, ఎవరి కోడలు ఎవరితో తగువు పడింది, ముప్పై ఏళ్ల భోగట్టా రెండు గంటల్లో ఒంపేయాలి. నడుమ కొండని చూపించి నేను ఏదో అడగబోతే, "ఉండవే గుంటా, కొండెక్కడికీ పోదు," అంది.

స్టేషన్‌కి పరుగులాంటి నడకతో చేరాం. బండి గంట ఆలస్యమని తెలిసింది. నేను హమ్మయ్య అనుకున్నాను. అత్తయ్య స్టేషన్ మాస్టరుగారి కిటికీ దగ్గరికి వెళ్లి, "బాబూ, ఇంకో గంట ఆలస్యమవ్వదా?" అని అడిగింది. ఆయన చాలాసేపు ఆవిడ వైపు చూశాడు. ఆయన ఉద్యోగంలో ఆ మాట అడిగినవాళ్లు ఇంకెవరూ ఉండి ఉండరు.

బండి వచ్చింది. అత్తయ్య కదల్లేదు. గార్డు ఈల వేశాక నేనే ఆవిడ నడుం పట్టుకుని లోపలికి నెట్టాను. స్నేహితురాలు కిటికీ కమ్మీ పట్టుకుని బండితో పాటు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది. "వైశాఖంలో వస్తాను," అంది. తెలుగులో, ఎక్కడా తడుముకోకుండా.

ఇచ్ఛాపురంలో దిగేసరికి చీకటి పడింది. మావయ్య లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో, లాంతరు గాజుకి మసి పట్టింది. మా ఒంటి మీద వేరేవాళ్ల చీరలు చూసి కంగారుపడ్డాడు.

"ఏటయింది?"

"ఏటవుతాది? చిలకలో తానమాడినాం," అంది అత్తయ్య. తర్వాత చెయ్యి చాపి, "ఆ టిక్కెట్లు ఇలాగివ్వు పిల్లా. గేటు దగ్గర నానిస్తాను," అంది. రెండు టిక్కెట్లూ పట్టుకుని గేటు దాకా ముందు నడిచింది.

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఏదో మారింది. గొంతు తగ్గలేదు, తిట్లు తగ్గలేదు. కానీ పనంతా అయ్యాక పెరట్లో పక్కన కూర్చోబెట్టుకుని నాచేత అక్షరాలు దిద్దించుకునేది. 'ఇ' రాయడం వచ్చాక స్టేషన్‌కి వెళ్లి బోర్డు మీద అదెక్కడుందో చూసి వచ్చింది.

స్నేహితురాలు చెప్పినట్టే వైశాఖంలో వచ్చింది. నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ ఇద్దరూ వసారాలోంచి లేవలేదు, వంట నాదే. మూడో రోజు చారులో ఉప్పు రెండుసార్లు వేసేశాను. ఇద్దరూ ఒకేసారి మొదటి గుక్క తాగి, ఒకేసారి నా మీద అరిచారు, ఒకరు తెలుగులో, ఒకరు ఒరియాలో. మావయ్య మాత్రం తలొంచుకుని, ఏమీ అనకుండా, చారంతా తాగేశాడు.